బురదనీరు తేరుట యెట్లు?

వర్షర్తువు ప్రవేశించిన కొలది దినములకే గోదావరికి ఎర్రనీరు వచ్చును. పడమటి కనుమలలో త్ర్యంబకమునొద్ద పుట్టి, సుమారు 1,465 కిలోమీటరులు ప్రవహించి, దారిలోని నల్లరేగడి నేలలను, ఎర్రనేలలను కడిగికొని వచ్చు ఆ నీటిని ఒక బిందెతో ముంచి కదలకుండ నుంచితిమేని, ఇసుక వెంటనే అడుగునకు చేరును. ఒండ్రు కొన్ని గంటలలో దిగును. కాని పైనీరు మరునాటికిని మసకగానే యుండును. అదే బిందెలో చిన్న పటికముక్కను నాలుగుమారులు త్రిప్పి యుంచినచో కొంతసేపటికే నీరు తేరి అడుగున మడ్డి నిలుచును.

మన్ను మారలేదు, బిందె మారలేదు, నీరును అదియే. మరి మారినదేమి? నీటిలో కరగి కంటికి కనబడకున్న పదార్థము మారినది. బురదనీటిలోని రేణువులు చెదరియుండుటయో, ఒకటితో నొకటి చేరి గుంపులగుటయో ఆ రేణువులను బట్టి మాత్రమే నిర్ణయము కాదు. వాని చుట్టునున్న నీటిలో కరగిన లవణములును, ఆకులు, వేళ్లు, నాచు మొదలగువాని నుండి పుట్టిన సేంద్రియ పదార్థమును ఆ నిర్ణయమును చేయుచున్నవి. ఈ సంగతిని విద్యార్థులకు తెలియునట్లు వివరించుటయు, దానివలన మన యిండ్లలో త్రాగునీటి విషయమున నేర్చుకొనవలసిన పాఠమును తలిదండ్రులకు విన్నవించుటయు ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నాలుగు సీసాల ప్రయోగము

శాస్త్రవిషయమును చదువుటకంటె చేసి చూచుట మేలు. ఈ ప్రయోగమునకు విలువగల పరికరము లక్కరలేదు.

చెరువుగట్టునుండి గుప్పెడు బంకమన్ను తెచ్చి, వర్షపు నీటిలో బాగుగా కలిపి, ఒక రాత్రి యుంచి, పైనీటిని మెల్లగా వంచివేయుడు. అడుగుమన్నును మరల క్రొత్త వర్షపు నీటిలో కలిపి యిట్లే మరియొకసారి చేయుడు. మన్నులో ముందే యున్న ఉప్పు పోవుటకై యీ పని యవసరము. తరువాత ఆ మన్నును వర్షపు నీటిలో కలిపి, పావుగంట యుంచి, ఇసుక దిగిన పిమ్మట పైనున్న బురదనీటిని నాలుగు తెల్లని గాజుసీసాలలో సమానముగా పోయుడు.

మొదటి సీసాలో ఏమియు వేయవలదు. రెండవదానిలో ఒక చెంచా ఉప్పు వేయుడు. మూడవదానిలో కందిగింజంత పటికపొడి వేయుడు. నాలుగవదానిలో మొదట చిక్కని తుమ్మజిగురు నీరు రెండు చెంచాలు కలిపి, కొంతసేపాగి, రెండవ సీసాలో వేసినంత ఉప్పే వేయుడు. అన్నిటిని ఒకే రీతిని కలియబెట్టి కదలకుండ నుంచుడు. పావుగంటకు, గంటకు, మరునాడు ఉదయమునకు చూచి, కనబడిన దానిని పుస్తకములో వ్రాసికొనుడు.

పటిక వేసిన సీసాలో మొట్టమొదట దూదిపింజలవంటి ముద్దలు కనబడి క్రిందికి దిగును. ఉప్పు వేసిన సీసాలో తరువాత అట్టి పింజలే యేర్పడును. పైన తేటనీరు, క్రింద బురద, నడుమ ఒక గీత కనబడును. ఏమియు వేయని సీసా చాలకాలము మసకగానే యుండును. నాలుగవ సీసాలో ఉప్పు రెండవ సీసాలో ఉన్నంతయే యున్నను, జిగురు కలిసిన కారణమున నీరు దానికంటె ఆలస్యముగా తేరును. మన్ను రకమును బట్టి కాలము హెచ్చుతగ్గులగును గాని, ముఖ్యముగ గమనింపవలసినది వరుసను మాత్రమే. ఈ నాలుగు సీసాలలోనే మన పాఠమంతయు ఇమిడియున్నది.

చిన్న రేణువు మునుగదేల?

నీటికంటె బరువైన మన్ను నీటిలో నిలుచుటయే ఒక వింత. 1851 సంవత్సరమున స్టోక్సు అను శాస్త్రజ్ఞుడు దీనికి లెక్క చెప్పెను. నీటిలో దిగు చిన్న రేణువుయొక్క వేగము దాని వ్యాసముయొక్క వర్గము ననుసరించి యుండును. అనగా వ్యాసము పదవ వంతైనచో వేగము నూరవ వంతగును.

మిల్లీమీటరులో పదవ వంతు వ్యాసముగల సన్ననిసుక ఒక జానెడు లోతు దిగుటకు అరనిమిషము చాలును. మిల్లీమీటరులో వేయింట రెండు వంతులు, అనగా 2 మైక్రానులు, గల బంకరేణువునకు అదే లోతు దిగుటకు అరదినమునకు పైగా కావలెను. దానికిని పదవ వంతుగల రేణువునకు రెండు నెలలైనను పట్టును. అంతయేగాక అట్టి సూక్ష్మరేణువును నీటి అణువులు అన్ని వైపులనుండి కొట్టుచు నిలువనీయకుండును. ఈ చలనమును 1827లో రాబర్ట్ బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూచెను. 1905లో ఐన్‌స్టైను దాని కారణమును గణితముచే వివరించెను. బిందెలోని నీరు ఏ కొంచెము కదలినను రేణువు మరల పైకి పోవును. కావుననే అది దినముల తరబడి దిగదు.

ఇప్పుడొక చిన్న లెక్క. పది రేణువుల వెడల్పుగల గుంపొకటి ఏర్పడినచో, అది వదులుగా నుండి నడుమ నీటిని ఇముడ్చుకొన్నను, ఒంటి రేణువుకంటె ఎన్నో రెట్లు త్వరగా దిగును. కాబట్టి నీరు తేరుట యనగా రేణువులు గుంపులగుటయే. అట్లైన బ్రౌను చలనముచేత నిరంతరము ఒకదానినొకటి తాకబోవు రేణువులు ఎందుకు అంటుకొనవు? వానిని ఎడబాపునది ఏది?

ఎడబాపు శక్తి

బంకమన్ను పలుచని పలకలవంటి స్ఫటికముల సమూహము. ఈ స్ఫటికములలో సిలికాను ఉండవలసిన కొన్ని చోట్ల అల్యూమినియమును, అల్యూమినియము ఉండవలసిన కొన్ని చోట్ల మెగ్నీషియమును చేరియుండును. ఇట్టి మార్పిడివలన ప్రతి పలకకును ఋణవిద్యుదావేశము కలుగును. ఒకే జాతి ఆవేశముగలవి ఒకదానినొకటి త్రోయునని మీరు భౌతికశాస్త్రమున చదివియున్నారు. రెండు రేణువులు దగ్గరకు రాగానే ఈ త్రోపుడు వానిని దూరము చేయును.

అయితే మరియొక శక్తియు గలదు. ఏ రెండు వస్తువులైనను మిక్కిలి చేరువైనపుడు వాని అణువుల నడుమ ఒక ఆకర్షణ పుట్టును. దీనికి వాన్ డర్ వాల్సు ఆకర్షణమని పేరు. అది కొద్ది నానోమీటరుల దూరముననే బలముగా పనిచేయును. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. త్రోపుడు దూరమునుండియే అడ్డగించినచో రేణువులు ఆకర్షణము పనిచేయు చేరువకు రానేరవు. త్రోపుడు దగ్గరగా కుంచించుకొనిపోయినచో అవి చేరువై, తాకి, అంటుకొనును. ఈ రెండు శక్తుల పోటీని రష్యాలో డెర్యాగిను, లాండౌ అనువారు 1941లోను, హాలండులో వెర్వే, ఓవర్‌బేకు అనువారు 1948లోను గణితరూపమున నిరూపించిరి. ఆ నలుగురి పేరులతో నా సిద్ధాంతము నేటికిని పఠింపబడుచున్నది.

లవణములు చేయు పని

ఉప్పు నీటిలో కరగినపుడు ధనావేశముగల సోడియము అయానులుగను, ఋణావేశముగల క్లోరైడు అయానులుగను విడిపోవును. ధన అయానులు ఋణావేశముగల మంటిరేణువుచుట్టు మబ్బువలె గుమిగూడును. లవణము తక్కువయైనపుడు ఆ మబ్బు వెడల్పుగా వ్యాపించియుండును గనుక, త్రోపుడు దూరమువరకు సాగును. లవణము హెచ్చినపుడు అయానులు దట్టమై మబ్బు పలుచనగును. మంచినీటి నదులలో ఈ మబ్బు మందము కొన్ని నానోమీటరులుండగా, సముద్రజలమున సుమారు 0.4 నానోమీటరు మాత్రమే. అప్పుడు ఆకర్షణమునకు గెలుపు కలుగును.

లవణములన్నియు సమానబలము గలవి కావు. 1882లో జర్మనీయుడగు షుల్ట్జెయు, 1900లో ఇంగ్లండున హార్డీయు చేసిన పరిశోధనలవలన, అయానుయొక్క ఆవేశము ఒకటినుండి రెండునకు, రెండునుండి మూడునకు పెరిగినకొలది దాని బలము ఎంతో పెరుగునని తెలిసినది. సిద్ధాంతము ననుసరించి చూచితిమేని, తీవ్రమైన ఆవేశముగల రేణువుల విషయమున, ఒక ఆవేశముగల సోడియము చేయు పనికి రెండు ఆవేశములుగల కాల్షియము 64వ వంతును, మూడు ఆవేశములుగల అల్యూమినియము 729వ వంతును చాలును. నిజమైన నీటిలో ఈ లెక్క అచ్చముగా సరిపోదు గాని, వరుస మాత్రము తప్పదు. చెంచెడు ఉప్పు చేసిన పనిని కందిగింజంత పటిక ముందుగానే చేయుటకు ఇది యొక కారణము. రెండవ కారణమును ముందు చెప్పుదుము.

దీనివలననే సున్నపుపాలు గల గట్టినీటి బావులలోను చెరువులలోను బంక త్వరగా తేరుటయు, మిక్కిలి మెత్తని వర్షపునీటిలో తేరకుండుటయు సంభవించును. అట్టి మసకనీటికి సున్నపుతేట కొంచెము తగిలినను మార్పు కనబడును.

సేంద్రియ పదార్థము: ఒకప్పుడు విడదీయును, ఒకప్పుడు కట్టును

లవణముల పని సూటియైనది. అవి హెచ్చినకొలది రేణువులు చేరును. సేంద్రియ పదార్థముయొక్క పని అట్లు కాదు. అది రెండు వైపులను పనిచేయగలదు గనుక కొంత ఓపికతో తెలిసికొనవలెను.

మన పెద్దలు సిరాను ఎట్లు చేసిరో తలపోయుడు. దీపపు మసిని వట్టినీటిలో కలిపినచో అది పెళ్లలై విడిపోవును. తుమ్మజిగురుతో నూరి కలిపినచో నల్లని సిరాయై యెన్ని నెలలైనను నిలుచును. జిగురు ప్రతి మసిరేణువునకును ఒక అంగరఖావలె చుట్టుకొని, రేణువులను ఒకదానినొకటి తాకనీయదు. నాలుగవ సీసాలో మంటిరేణువులకు జరిగినదియు ఇదియే.

ఈ విషయమును శాస్త్రమార్గమున మొదట గుర్తించినవారిలో మైకేలు ఫారడే యొకడు. 1857లో అతడు నీటిలో మిక్కిలి సూక్ష్మమైన బంగారు రేణువులను చెదరగొట్టి కెంపువన్నె ద్రవమును తయారుచేసెను. దానిలో కొంచెము ఉప్పు వేయగానే రేణువులు గుంపులై ఎరుపు నీలముగా మారెను. ముందుగా కొంచెము జిలాటినును కలిపినచో ఉప్పు ఆ మార్పును కలిగింపలేకపోయెను.

బైబిలు చదువువారికి తెలిసిన యొక కథకును దీనికిని సంబంధము చూపినవాడు అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ అచెసను. కార్బొరండము అను గట్టి సానపదార్థమును కనిపెట్టినవాడితడే. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలు చేయుటకు గడ్డి కావలసివచ్చెనని నిర్గమకాండమున నున్నది. గడ్డి కేవలము నారగా పనిచేయుటయేనా, లేక గడ్డినానిన నీటికిని మంటికిని ఏదైన సంబంధము గలదా యని యతడు 20వ శతాబ్దారంభమున పరీక్షించెను. గడ్డి రసమును, వృక్షముల వగరుపదార్థమగు టానినును కలిపిన బంకమన్ను మిక్కిలి సూక్ష్మముగా విడిపోయి నీటిలో నిలుచునని అతడు కనుగొని, అట్టి మంటికి ఐగుప్తు పేరే పెట్టెను. పూర్వకాలపు ఇటుకలవారికి ఈ గుణము తెలియునని చెప్పుటకు మనకు ఆధారము లేదు. ప్రయోగఫలము మాత్రము నిజము.

ప్రకృతిలో ఈ పనిని చేయునది హ్యూమసు. అడవిలోను పొలములోను కుళ్లిన ఆకులు, వేళ్లు మొదలగువానినుండి పుట్టిన గోధుమవన్నె ఆమ్లములు వర్షముతో కొట్టుకొని వచ్చి నదులలో చేరును. తేయాకు రంగుగల కుంటనీటిని మీరు చూచియేయుందురు. ఆ యామ్లములు మంటిరేణువులపై పొరగా నంటుకొని వాని ఋణావేశమును పెంచును. పొర యొక్క మందము కూడ అడ్డుగోడయై నిలుచును. అందుచేత అట్టి రేణువులను చేర్చుటకు మునుపటికంటె హెచ్చు లవణము కావలెను. 1979లో హంటరు, లిస్సు అనువారు బ్రిటను దేశపు నదీముఖములలోని రేణువుల ఆవేశమును కొలిచి, అవన్నియు ఋణావేశము గలవేయనియు, దానికి సేంద్రియపు పొరయే కారణమై యుండవలెననియు చెప్పిరి. అనగా నదిలో తేలు రేణువు పైకి చూపు ముఖము తరచుగా మంటిది కాదు, దానిపై నంటిన సేంద్రియ పదార్థముది.

ఇప్పుడు రెండవ వైపును చూడుడు. నాచును, సూక్ష్మజీవులును విడుచు జిగురులు మిక్కిలి పొడవైన గొలుసులవంటి అణువులు గలవి. అట్టి గొలుసు ఒక కొనతో ఒక రేణువును, మరియొక కొనతో ఇంకొక రేణువును పట్టి రెండింటిని ఒక త్రాటికి కట్టినట్లు కట్టును. కాల్షియము ఉన్న నీటిలో ఈ కట్టు మరింత గట్టిపడును. ఏలయన రెండు ఆవేశములుగల కాల్షియము ఒక ప్రక్క ఒక పొరను, మరియొక ప్రక్క ఇంకొక పొరను పట్టుకొని మేకువలె పనిచేయును.

ఈ రెండు పనులకును భేదమెక్కడ? కొలతయందును, అణువుల ఆకారమునందును. జిగురు మితముగా నున్నచో రేణువుపై ఖాళీస్థలము మిగిలి, పొరుగు రేణువునుండి వచ్చిన గొలుసు అచ్చట అంటుకొనగలదు. జిగురు అపరిమితమైనచో ప్రతి రేణువును పూర్తిగా కప్పబడి, పట్టుకొనుటకు చోటుండదు, కట్టవలసినదే అడ్డమగును. హ్యూమసు ఆమ్లములవంటి పొట్టి అణువులు సామాన్యముగా విడదీయును. నాచు జిగురువంటి పొడవైనవి తరచుగా కట్టును. ఈ భేదమును మరువకుడు. త్రాగునీటి విషయమున ఇదియే మనకు పనికివచ్చును.

నదియు సముద్రమును కలియు చోట

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమియు వసిష్ఠయు అను పాయలుగా చీలి సముద్రమునకు పోవుచున్నది. ప్రపంచపు నదులలో లీటరు నీటిలో కరగిన లవణములు సగటున నూరు మిల్లీగ్రాములకు కొంచెము పైగా నుండగా, సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాములుండును. అనగా సుమారు మూడువందల రెట్లు. అందు కిలోగ్రామునకు సోడియము సుమారు 10.8 గ్రాములు, మెగ్నీషియము 1.3 గ్రాములు, కాల్షియము 0.4 గ్రాము. మన రెండవ సీసాలో జరిగినదే నదీముఖమున మిక్కిలి గొప్ప యెత్తున జరుగుచున్నది.

ఇసుక దిగుటకు ప్రవాహము మందగించుటయే కారణము. కాని బంకమన్ను ఒంటి రేణువులుగా నుండినచో, మందగించిన నీటిలోకూడ దిగక దూరపు సముద్రమునకు పోయియుండును. ఉప్పునీటి స్పర్శచే అది పింజలగును; సముద్రపునీటిలో కొద్ది పాలు కలియగానే ఈ పని ఆరంభమగును. ఆటుపోటులు పింజలను మరల చీల్చును, మరల కూర్చును. మడచెట్ల వేళ్లనడుమ నీరు నిలుకడగా నుండుటవలన అచ్చట మడ్డి నిలుచును. కోరంగి మడ అడవుల మెత్తని నేల ఇట్టిదే. వరదకాలమున నదియొక్క బలము హెచ్చుటచే ఈ కలయిక సముద్రములోనికి నెట్టబడును. వేసవిని ఉప్పునీరు పాయలలో పైకి వచ్చుటచే కలయిక లోనికి జరుగును.

మట్టి యొక్కటే గాదు. 1976లో షోల్కొవిట్జు అను శాస్త్రజ్ఞుడు స్కాట్లండు నదులనీటిని సముద్రజలముతో కలిపి చూడగా, వడపోసిన తేటనీటినుండి సైతము ఇనుమును హ్యూమసు ఆమ్లములలో కొంతభాగమును పింజలై విడివడెను. అంతవరకు హ్యూమసు పొరచే రక్షింపబడి కరగినట్లు కనబడిన సూక్ష్మ ఇనుపరేణువులు ఉప్పునకు లొంగిపోయినవి. పొలములనుండియు పట్టణములనుండియు వచ్చిన లోహములు, క్రిమిసంహారక మందులు మొదలగువానిలో రేణువులకు అంటుకొను గుణము గలవి ఈ పింజలతో కూడ అడుగునకు దిగును. రొయ్యలును చేపపిల్లలును పెరుగు చోటనే అవి చేరునని మరువరాదు. ఎగువ దేశమున మనము నదిలో వేయునది ఎక్కడికో పోవుననుకొనుట పొరపాటు. దానికి దిగుచోటు ఉన్నది.

మన బిందెలోని నీరు

ఇపుడు ఇంటికి వత్తము. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలలో భద్రాచలమునొద్ద గోదావరి 70 అడుగులకు పైగా పెరిగెను. అట్టి దినములలో లంకగ్రామములచుట్టు ఎటుచూచినను నీరే. త్రాగుటకు మాత్రము నీరు దుర్లభము. అప్పుడు గృహిణికి బురదనీటిని తేర్చుకొనుట ఒక అక్కర యగును. ఈ శాస్త్రము ఆమెకు రెండు హెచ్చరికలను చేయుచున్నది.

మొదటిది కొలతనుగూర్చినది. పటిక నీటిలో పడగానే దానిలోని అల్యూమినియము రేణువుల ఆవేశమును అణచుటయేగాక, నీటితో చేరి జిగటవంటి తెల్లని హైడ్రాక్సైడుగా మారి, వలవలె రేణువులను చుట్టుకొని దిగును. మేము ముందు చెప్పుదుమన్న రెండవ కారణమిదియే. కాని నీటిలో హ్యూమసు హెచ్చుగా నున్నచో, మంటికంటె ముందు అదియే అల్యూమినియమును పట్టుకొనును. ఎర్రని వరదనీటికి చాలిన పటిక, ఆకులు కుళ్లిన పచ్చని చెరువునీటికి చాలదు. పటిక మితిమీరినను నీటికి వగరును పులుపును కలుగును. ఒక్కొక్కప్పుడు రేణువులకు ధనావేశము కలిగి మరల చెదరుటయు గలదు. అందుచేతనే నీటి కర్మాగారములలో వరుసగా కొన్ని గాజుపాత్రలలో వేరువేరు మోతాదులను వేసి, ఏది చక్కగా తేర్చునో చూచి, ఆనాటి మోతాదును నిర్ణయింతురు. మన నాలుగు సీసాల ప్రయోగము దానికి చెల్లెలు. లీటరునకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక సామాన్యముగా చాలును.

మన దేశమున పటికకు బదులు చిల్లగింజను కుండలోపల అరగదీయుట పూర్వాచారము. సుశ్రుతసంహితలో సైతము నీటిని తేర్చు వస్తువులలో దీనిని కతకమను పేర చెప్పిరి. ఈ గింజలోని పొడవైన గొలుసులవంటి పదార్థములు రేణువులను కట్టివేయును. సూడాను దేశపు స్త్రీలు నైలునది బురదను మునగగింజల పొడితో తేర్చుచుండిరి. మునగగింజలోని మాంసకృత్తులు ధనావేశముగలవగుటచే ఋణావేశముగల మంటిరేణువులను పట్టుకొనును. ఇవియు సేంద్రియ పదార్థములే. కావున మితముగా వాడవలెను. హెచ్చైనచో నీటిలో మిగిలిన పదార్థము నిలువయుండి కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును.

రెండవ హెచ్చరిక మొదటిదానికంటె ముఖ్యమైనది. తేటనీరు వేరు, శుద్ధమైన నీరు వేరు. రోగక్రిములకును సామాన్యముగా ఋణావేశమే యుండును. అవియు రేణువులవలె పింజలలో చిక్కుకొని చాలవరకు అడుగునకు దిగును. కాని దిగుట చచ్చుట కాదు. మడ్డిలో అవి బ్రదికియుండును. పైనీటిలో మిగిలిన కొలదియు రోగము కలిగింప చాలును. విషూచి, సన్నిపాతజ్వరము మొదలగువాని క్రిములు గాజువలె మెరయు నీటిలోకూడ ఉండవచ్చును. కావున తేరిన నీటిని మడ్డి కదలకుండ వేరుపాత్రలోనికి వంచి, దళసరి బట్టతో వడగట్టి, తెర్లునట్లు కాచి త్రాగవలెను. 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, బంగ్లాదేశపు గ్రామములలో పాతచీరను కనీసము నాలుగు మడతలుగా వేసి నీటిని వడగట్టిన యిండ్లలో విషూచి 48 శాతము తగ్గెనని తేలినది. విషూచి క్రిమి నీటిలోని సన్నని ప్రాణులకు అంటుకొనియుండుటయే దీనికి కారణము. ఒంటి క్రిమి బట్టనుండి జారిపోవును, పెద్దదానిని పట్టుకొన్నది చిక్కుకొనును. సగము తగ్గుట గొప్ప మేలే. కాని మిగిలిన సగమునకు కాచుటయే శరణ్యము.

కాచుటకు కట్టెలు దొరకనిచోట క్లోరిను బిళ్లలు వాడుదురు. వానిని మసకనీటిలో వేసినచో క్రిములకంటె ముందు సేంద్రియ పదార్థమే క్లోరినును తినివేయును. మంటిపింజలలో దాగిన క్రిమికి అది తగులనే తగులదు. 1974లో హాలండున రూకు అను రసాయనజ్ఞుడు, క్లోరినును హ్యూమసును కలిసినపుడు క్లోరోఫారమువంటి హానికరములగు పదార్థములు కొలదిగా పుట్టునని చూపెను. అందుచేత ముందు తేర్చుట, తరువాత క్లోరిను వేయుట అను వరుసను తప్పరాదు. అట్లని క్లోరినునకు భయపడి మానుటయు తగదు. క్రిములవలని అపాయము దానికంటె ఎన్నో రెట్లు గొప్పది.

విద్యార్థులారా, కంటికి కనబడు బురదను చూచి నీటిని నిందింతుము. బురద పోగానే నమ్ముదుము. కాని బురద నిలుచుటకును పోవుటకును కారణమైనవి కనబడని లవణములును, కనబడని సేంద్రియపు పొరలును. రోగమునకు కారణమైనవియు కనబడనివే. నీటినిగూర్చి కన్ను చెప్పు సాక్ష్యము సగము మాత్రమేయని తెలిసికొని, మిగిలిన సగమును పరీక్షచేతను, జాగ్రత్తచేతను పూరించుకొనవలెను. ఈ మాటను మీ యింటిలో నీరు పట్టువారికి, ముఖ్యముగా పసిపిల్లలున్న యింటివారికి, తెలియజెప్పుడు.

అభ్యాసము

1. మొదటి సీసాలో వర్షపునీటికి బదులు మీ యూరి బావినీటిని వాడినచో ఫలితమేల మారవచ్చును? చేసి చూచి వ్రాయుడు.

2. నాలుగవ సీసాలో ఉప్పునకు బదులు పటికను వేసి, మూడవ సీసాతో పోల్చి, భేదమునకు కారణము చెప్పుడు.

3. బంకరేణువులు నదిలో చెదరియుండి సముద్రమునొద్ద గుంపులగుటకు కారణమేమి?

4. ఒకే జిగురు మితముగా నున్నపుడు రేణువులను కట్టుటకును, హెచ్చైనపుడు విడదీయుటకును కారణమేమి? పటము గీసి చూపుడు.

5. "పటిక వేసితిమి, నీరు తేరినది, ఇక కాచనక్కరలేదు" అను పొరుగింటి అత్తగారికి మీరు వినయముగా ఏమి ప్రత్యుత్తరము చెప్పుదురు?